బొగ్గుబావుల ఊళ్ళో పాత అంబాసిడర్

హీరో ఓపెన్ టాప్ కారులో ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ పాట అందుకుంటే ఈల వెయ్యని కుర్రవాడు మనలో ఎవరున్నారు? నేనూ వేశాను, మొదటి వరసలో కూర్చుని మరీ! కానీ ఇప్పుడు చెప్పబోయే కారుకు పాట లేదు, ఘాట్ రోడ్డూ లేదు. ఇరవై అయిదేళ్ళు ఒక వేపచెట్టు కింద కదలకుండా నిలబడ్డ కారది. ఊరు గోదావరిఖని. మోడలు అంబాసిడర్ మార్క్ టూ, పుట్టింది 1971లో. మా తాతది.

కారు కథ అని చెప్పి బొగ్గుబావుల దగ్గరికి తీసుకెళ్తున్నాడేమిటా అని విసుక్కోకండి. ఈ కథలో కారునీ ఊరునీ విడదీయడం నావల్ల కాలేదు.

ముందు ఊరు చూడండి

సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాజీపేట దాటి, పెద్దపల్లి దాటి రామగుండంలో దిగుతాం. రైలు దిగకముందే దూరాన పొగగొట్టాలు కనిపిస్తాయి. అది ఎన్.టి.పి.సి. 1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన కేంద్రం, ఈనాడు 2600 మెగావాట్లు. అక్కడినుంచి ఆటోలో గోదావరిఖని.

పేరులోనే ఉంది చూడండి... గోదావరి, ఖని! నది ఒడ్డున గని. ఈ ఊళ్ళో కాలనీలకు కూడా దేవుళ్ళ పేర్లతోపాటు బావుల నంబర్లే పేర్లు. "ఎక్కడుంటారు?" అని అడిగితే "ఎయిటింక్లైన్ల" అంటారు. అంటే ఎనిమిదో నంబరు ఇంక్లైన్ కాలనీ అని అర్థం. గనిని ఇక్కడ గని అనరు, బాయి అంటారు. "మా ఆయన బాయికి పోయిండు" అంటే నీళ్ళకు పోయాడని కాదు, షిఫ్టుకు పోయాడని!

ఇంకో వింత. ఊరి చుట్టూ గుట్టలుంటాయి. రాముడు నడిచిన గుట్టలు కావవి, ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టిని తవ్వి పోసిన గుట్టలు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు గడగడలాడతాయి. కొత్తవాళ్ళం ఉలిక్కిపడతాం. ఊరివాళ్ళు తింటున్న ముద్ద కూడా ఆపరు.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ షేర్లు కొనుక్కుంది. ఇప్పుడు 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. రామగుండం వైపు బావులు తెరుచుకున్నది 1960ల మొదట్లో. పలుగూ పారా, తట్టా పట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు ఇక్కడికి కదిలొచ్చాయి. మా తాత కూడా అలా వచ్చినవాడే. కాకపోతే ఆయన బాయిలో దిగలేదు. స్టీరింగ్ పట్టాడు.

తాత, ఆయన కారు

ఇప్పటి కుర్రకారుకు అంబాసిడర్ అంటే పాత సినిమాల్లో మంత్రిగారు దిగే తెల్లకారు. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చున కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర్లో తయారీ మొదలై, 2014 మే నెలలో ఆగిపోయింది. అర్ధ శతాబ్దానికి పైగా పెద్దగా రూపు మారని కారు! బానెట్ లోపల 1489 సి.సి. ఇంజను. గేరు కింద కాదు, స్టీరింగ్ పక్కన. ముందు సీటు బెంచీలా ఒకటే పలక. పెద్దవాళ్ళు ముగ్గురు ముందర, వెనక ఎంతమంది అంటే... లెక్కపెట్టిన వాడు లేడు.

తాత దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ప్రైవేటు నంబరు మీదే కిరాయికి తిప్పేవాడు. ఆ రోజుల్లో అట్లా నడిచిపోయేది లెండి. పెళ్ళికొడుకుల్ని మోసింది, పురిటి నొప్పుల ఆడవాళ్ళను మోసింది, సెకండ్ షో వదిలాక ఆఖరి బస్సు తప్పిన కుటుంబాలను మోసింది. 1998లో తాత పోయాడు. బండి ఆగింది. మా మేనమామ దాన్ని అమ్మలేదు. క్వార్టరు మారినప్పుడల్లా తోయించుకుని పోయి, కొత్త క్వార్టరు పక్కన నిలబెట్టుకునేవాడు.

2023లో మామ రిటైరయ్యాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి కదా. కిరాయికి చూసుకున్న ఇల్లు మార్కండేయ కాలనీలో, సందు లోపల. దాని ముందు స్కూటరు పెట్టడానికే చోటు చాలదు. చెట్టు కింద కారును ఏం చేయాలి?

ఆ దసరాకు నేను వెళ్ళేసరికి ఇంట్లో అదే పంచాయితీ. మా బామ్మర్ది పాత ఇనుము షాపు వాణ్ణి పిలుచుకొచ్చాడు. వాడు కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, కిలో లెక్కన ధర చెప్పాడు. బామ్మర్ది తప్పేమీ లేదు. కాంట్రాక్టు ఉద్యోగం, బిడ్డ కాలేజీ ఫీజు.

"ఏం చేద్దాం బావా? నువ్వన్న చెప్పు నాయినకు. పట్నంల ఉంటవు గద," అన్నాడు.

నేను మామ వైపు చూశాను. ఆయన ఒక్కటే మాట అన్నాడు. "అల్లుడా, అది నడిచి పోవాలె ఈడికెళ్ళి. తూకానికి పోవద్దు."

సినిమా పిచ్చివాణ్ణి కదా, నాకు వెంటనే ఋత్విక్ ఘటక్ తీసిన 'అజాంత్రిక్' గుర్తొచ్చింది. 1958 నాటి బెంగాలీ చిత్రం. బిమల్ అనే టాక్సీ డ్రైవరు, అతని డొక్కు షెవర్లే. దానికి జగద్దల్ అని పేరు పెట్టుకుని మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. చివరికి ఆ బండి పాత ఇనుముగా పోతుంది. అదే ఏడాది హిందీలో 'చల్తీ కా నామ్ గాడీ' వచ్చింది, అశోక్ కుమార్, కిశోర్ కుమార్, అనూప్ కుమార్ ముగ్గురన్నదమ్ముల గ్యారేజీ. అందులో పాత కారు పరుగెత్తి గెలుస్తుంది. ఒకే ఏడు, రెండు పాతకార్లు, రెండు ముగింపులు! మా వేపచెట్టు కింద ఏ ముగింపు రాసి ఉందో?

ఆవేశంలో అనేశాను. "మామా, నేను బాగు చేయిస్తా. సగం ఖర్చు నాది."

ఇంటికొచ్చి మా అమ్మకు చెబితే, "నీకు సైకిల్ చైను పడితే వేసుకోవడం రాదు," అంది. నిజమే!

చాచా షెడ్డు

చౌరస్తాకు కాస్త ఎడంగా ఒక రేకుల షెడ్డు. అక్కడి మేస్త్రిని అందరూ చాచా అనే పిలుస్తారు. జీపులూ లారీలూ చూసి చూసి గోళ్ళలోకి గ్రీజు ఎక్కిన మనిషి. ఆయన వచ్చి ముందు బానెట్ ఎత్తలేదు. ముందు గ్రిల్లు తుడిచాడు. చదరంగం పలకలా చిన్న చిన్న గడులు బయటపడ్డాయి. "మార్క్ టూ. అసలుదే," అన్నాడు. మార్క్ త్రీ 1975లో వచ్చిందట, దానికి అడ్డగీతల గ్రిల్లు. ఆ తరవాత వంగి, కారు అడుగు భాగాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది పెసరట్టులో దిగినట్టు దిగింది!

"బేటా, ఇంజను భయం కాదు. రేకు భయం," అన్నాడు చాచా.

ఎందుకంటే అంబాసిడర్‌కు లారీలాగా వేరే ఛాసిస్ ఉండదు. బాడీయే ఎముకల గూడు. గుమ్మాల కింది పెట్టెలూ అడుగు రేకూ తుప్పుపట్టి పోతే కారు నడుము విరిగినట్టే. మీద రంగు వేసి మెరిపిస్తే ఫొటోకు బాగుంటుంది, ఎక్కితే కూలబడుతుంది. పైగా ఇరవై అయిదేళ్ళ దుమ్ము మడతల్లో చేరి, వానలకు తడిసి, గట్టిపడి కూర్చుంది. దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది, తేమ రేకును తింటుంది. చాచా చీపురుతో గీకి తీస్తే తట్టెడు నల్లమన్ను వచ్చింది. మామ నవ్వాడు. "ముప్పై ఏడేండ్లు తవ్విన బొగ్గు ఇంట్లనే ఉన్నదిర!"

బ్రేకు డ్రమ్ములు పట్టేసి చక్రాలు తిరగవు. వాటిని ఊడదీసి, అరువు చక్రాలు తొడిగి, ట్రాక్టరుతో షెడ్డుకు లాక్కెళ్ళాం.

ఇంజను కూడా బిగుసుకుపోయింది. ఇలాంటప్పుడు బలం ఉపయోగిస్తే పిస్టన్లు విరుగుతాయి. చాచా నాలుగు ప్లగ్గులూ తీసి, ఆ బొక్కల్లో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోశాడు. "ఇంక ముట్టొద్దు" అన్నాడు. పది రోజులు పోసిందే పోస్తూ ఎదురు చూడటం. పదకొండో రోజు ముందు నుంచి హ్యాండిల్ దూర్చి మెల్లగా నొక్కాడు. కదల్లేదు. పన్నెండో రోజు... వేలెడంత కదిలింది. ఆ వేలెడు కదలికకు షెడ్డులో అందరికీ చాయ్ తెప్పించాడు మామ!

అక్కడినుంచి ఒక్కొక్కటీ. సిలిండర్లు బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలన్నారు. ఈ ఊళ్ళో లేత్ పనికి కొదవ లేదు, భారీ యంత్రాల మధ్య పెరిగిన ఊరు మరి. కార్బురేటరు విప్పితే లోపల గట్టిపడిన జిగురు. పెట్రోలు ట్యాంకులో తుప్పు పొరలు. కిరోసిన్ పోసి, గులకరాళ్ళు వేసి, నేనూ బామ్మర్దీ చెరో వైపు పట్టుకుని మూడు పూటలు ఊపాం. గలగల చప్పుడుకు వీధి పిల్లలు గుంపుగా చేరేవారు. వైర్లను ఎలుకలు కొరికేశాయి. కొత్త వైరింగు లాగించాం. పార్టుల కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ ఎన్నిసార్లు తిరిగానో! ఒక సుఖం ఏమిటంటే, ఆ మోడలు 2014 దాకా తయారైంది గనుక దాని సామాను ఇంకా దొరుకుతోంది.

ఇదంతా చేస్తుండగా చాచాకు నేను నిజాం గారి రోల్స్ రాయిస్ కథ చెప్పాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ అది, వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. కారు రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. 1912 నాటి ఆ కారు బహు కొద్ది మైళ్ళే తిరిగి, ఏళ్ళ తరబడి మూలనపడి, తర్వాత బాగుపడి చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుతీరింది. ఎన్.టి. రామారావు గారు కూడా 1982లో ఒక పాత షెవర్లే వ్యాన్‌నే సిద్ధం చేయించి చైతన్యరథం అన్నారు. హరికృష్ణ నడిపారు. ఆ రథం ఊరూరా తిరిగింది.

చాచా పానా పక్కన పెట్టి అడిగాడు. "రాజుల బండి అద్దాలలో నిలబడ్డది. రామారావు బండి జనంలో తిరిగింది. మీ తాత బండి ఎటు బేటా?"

వెనక సీటు

2024 వేసవి. రామగుండం ఎండలు మీరు వినే ఉంటారు. షెడ్డు రేకు కింద నిలబడితే మనిషే వెల్డింగయ్యేట్టుంది. కొత్త అడుగు రేకు కొట్టి అతికించాం. లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నా వేళ్ళ రేఖలు పోయాయి. ఆ జూన్‌లోనే ఊళ్ళో ఒక వార్త. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం యాభై మూడేళ్ళు పనిచేసి ఆగిపోయింది. మా కారుకూ అదే వయసు! ఛాయ్ కొట్టు దగ్గర పెద్దవాళ్ళు పలకరించడం మానేసి చిమ్నీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఒకప్పుడు సింగరేణిలో లక్ష దాటి కార్మికులు. ఇప్పుడు నలభై వేల చిల్లర. రిటైరైనవాళ్ళకు ఊరు పాతదే గానీ, పలకరించే ముఖాలు తగ్గుతున్నాయి.

ఇక సీట్లు. నేను పట్నం నుంచి ఎర్ర రెగ్జిన్ తెచ్చాను. ముందు సీటు కుట్టించాం. వెనక సీటు విప్పబోతుంటే మామ అడ్డం వచ్చాడు.

"అది ముట్టొద్దు."

"మామా, స్పాంజి చివికిపోయింది. గుడ్డ కూడా..."

"ముట్టొద్దన్న గద."

అంత గట్టిగా ఆయన నాతో ఎన్నడూ మాట్లాడలేదు. సాయంత్రం చాచానే చెప్పాడు, మామ లేనప్పుడు. 1986లో మామకు ఇరవై నాలుగేళ్ళు. మొదటి షిఫ్టులో పైకప్పు బండ జారింది. కింద మామా, ఆయన జోడీ పనివాడూ. మిగతావాళ్ళు ఇద్దరినీ పైకి మోసుకొచ్చేసరికి అంబులెన్సు అప్పటికే ఇంకొకరిని తీసుకుని వెళ్ళింది. గేటు బయట తాత కారు ఉంది, కొడుకును ఎక్కించుకుపోదామని వచ్చి నిలబడ్డాడు. ఇద్దరినీ వెనక సీటులో వేశారు. జోడీ తల మామ ఒళ్ళో. ఆసుపత్రి నుంచి మామ చేతికి కట్టుతో ఇంటికొచ్చాడు. అతను రాలేదు.

తాత ఆ సీటును కడిగాడు గానీ మార్చలేదు. మామ చూస్తూ ఊరుకున్నాడు. ఇన్నేళ్ళూ ఊరుకున్నాడు.

మర్నాడు నేను సీటు సంగతి ఎత్తలేదు. చాచా లోపలి స్ప్రింగులు మాత్రం సరిచేసి, కొత్త కొబ్బరి పీచు నింపి, పాత గుడ్డనే మళ్ళీ తొడిగాడు. ఎర్ర ముందు సీటు, వెలిసిన బూడిదరంగు వెనక సీటు. చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది. ఉండనీండి.

కాగితాల క్లైమాక్స్

ఇంజను బాగు చేయొచ్చు, కాగితం లేకపోతే కారు మళ్ళీ ఇనుమే! తాత ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళి శుభలేఖల కింద, పాత ఆర్.సి. పుస్తకం దొరికింది. ప్రాణం లేచొచ్చింది. యజమాని చనిపోతే వారసుల పేరుకు మార్చుకునే పద్ధతి ఉంది. మా అమ్మ కూడా అభ్యంతరం లేదని సంతకం పెట్టింది.

అక్కడ నాకూ మామకూ మళ్ళీ వాదం. 2021లో కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన, పెద్దగా మార్పులు చేయని బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేసుకోవచ్చు. కొత్తగా నంబరు తీసుకుంటే అందులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. గొప్పగా ఉంటుంది అన్నాను నేను. కానీ ఒక మెలిక ఉంది. వింటేజ్ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు... అంతే.

మామ అంతా విని అన్నాడు. "అంటే అల్మార్ల బొమ్మ. మీ తాత బండి మనుషులను మొయ్యాలె."

సరే, రెండో దారి. పదిహేనేళ్ళు దాటిన మామూలు కారులాగే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్ళకు రెన్యువల్. అప్పటికి ఆ ఫీజు 5,000, ఆలస్యానికి జరిమానా వేరే, గ్రీన్ ట్యాక్స్ వేరే. బ్రేకులు, లైట్లు, పొగ, హారను అన్నీ చూశారు. మొదటిసారి చేతి బ్రేకు పట్టలేదని తిప్పి పంపారు. న్యాయమే. చాచా తిట్టుకుంటూ కేబుల్ మార్చాడు. రెండోసారి పాసయింది. నేను డిస్టింక్షన్‌లో పాసైనప్పుడు కూడా మామ అంత నవ్వలేదు.

నది దాకా

చలికాలం ఆదివారం పొద్దున. చోక్ లాగి సెల్ఫు కొడితే రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. స్టీరింగ్ ముందు కూర్చున్నది మామ కాదు... మా బామ్మర్ది! ట్యాంకు ఊపిన రోజు నుంచే వాడికి బండి మీద మనసు మళ్ళింది. "ఇనుము ధర ఎంతున్నదిర ఇప్పుడు?" అని నేను ఏడిపిస్తే, "బావా, గేరు తప్పుతది, మాట్లాడకు," అన్నాడు.

ముందు ఎయిటింక్లైన్ కాలనీకి వెళ్ళి, పాత క్వార్టరు ముందు ఒక నిమిషం ఆగాం. వేపచెట్టు కింద కారు ఆకారంలో నేల ఇంకా బోడిగానే ఉంది. అక్కడినుంచి గోదావరిఖని మీదుగా గంగానగర్. మామ ఒక ఇంటి ముందు ఆపమన్నాడు. తెల్లజుట్టు పెద్దావిడ బయటికొచ్చింది. ఆ జోడీ పనివాడి భార్య అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆమె బండి చుట్టూ తిరగలేదు. వెనక తలుపు తీసి, సీటు మీద చెయ్యి పెట్టి కొంతసేపు నిలబడింది. మామ తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"గుడ్డ మార్చలేదానే అన్నా?" అంది.

"నిన్నడగకుంట ఎట్ల మారుస్త చెల్లె?"

"ఇంక మార్చు. పిల్లలు కూసుంటరు గద."

అంతే మాట. ఆమె వెనక కూర్చోలేదు. ముందు బెంచీ సీటులో మామ పక్కన ఇరుక్కుని కూర్చుంది. బామ్మర్ది స్టీరింగ్ గేరు పైకి తోశాడు. నేను ఆ బూడిదరంగు సీటులో ఒక్కణ్ణే, ఎందుకో పూర్తిగా ఆనకుండా, ముందుకు జరిగి కూర్చున్నాను. గోదావరి బ్రిడ్జి మీద ఆపాం. అవతలి ఒడ్డు మంచిర్యాల వైపు. ఆమె కిటికీ అద్దం దింపి, నీళ్ళలోకి ఒక రూపాయి బిళ్ళ విసిరింది.

సంక్రాంతికి నేను వెళ్ళేసరికి వెనక సీటు కూడా ఎర్రగా ఉంది. పాత గుడ్డ ఏమైందని అడగలేదు. డిక్కీలో, స్టెప్నీ కింద మడిచి పెట్టి ఉంది. చూశాను.

2023లో వచ్చిన నాని 'దసరా' ఈ బొగ్గుబావుల కథే. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల మొదటి చిత్రం. దాంట్లో వీర్లపల్లిని సెట్ వేసి తీశారు. ఆ నల్లదుమ్ము అసలుది చూడాలనుకుంటే మీరే బయల్దేరండి. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా సుమారు రెండువందల పాతిక కిలోమీటర్లు. ఎండాకాలం మాత్రం వద్దు!

మీ ఇంటి వెనక కూడా ఏదో ఒక పాత బండి ఉండే ఉంటుంది. దాన్ని లేపాలని బుద్ధి పుడితే ముందు ఇంజను చూడకండి. ఆర్.సి. పుస్తకం ఉందో లేదో వెతకండి, తర్వాత అడుగు రేకును పొడిచి చూడండి. ఆ రెండూ ఉంటే మిగతాది చాచాలు చూసుకుంటారు. సీటు గుడ్డ మార్చే ముందు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కమాట అడగండి.